తెలుగు విభక్తుల నుంచి జపనీస్ జొషులకు: ప్రయాణాలు, రోజువారీ పనుల గురించి చెప్పే పద్ధతి

జపనీస్ నేర్చుకుందామని శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో పుస్తకం పట్టినవారికి సాధారణంగా దొరికేది ఇంగ్లీషు వివరణలున్న పుస్తకమే. దానివల్ల ఒక అలవాటు పడుతుంది. చెప్పదలచుకున్న మాటను ముందు తెలుగులో అనుకొని, దాన్ని ఇంగ్లీషులోకి మార్చుకొని, అక్కడి నుంచి జపనీస్‌లోకి తిప్పుతారు. ఈ మధ్య మజిలీ అవసరం లేకపోగా నష్టం కూడా చేస్తుంది. ఇంగ్లీషులో క్రియ వాక్యం నడుమ ఉంటుంది, సంబంధాన్ని తెలిపే మాట నామవాచకానికి ముందు వస్తుంది. తెలుగులోనూ జపనీస్‌లోనూ క్రియ చివర ఉంటుంది, సంబంధాన్ని తెలిపే మాట నామవాచకం వెనక చేరుతుంది. మనం విభక్తి ప్రత్యయం అనేదాన్ని వారు జొషి అంటారు. "నేను స్నేహితుడితో బస్సులో విశాఖపట్నానికి వెళ్తాను" అనే వాక్యం జపనీస్‌లో "వతషి వ తొమొదచి తొ బసు దె విశాఖపట్నం ఎ ఇకిమసు" అవుతుంది. ఒక్క మాట కూడా తన స్థానం నుంచి కదలలేదు.

అందుచేత ఇక్కడ తెలుగు నుంచి నేరుగా జపనీస్‌కు వెళ్ళే దారినే చూపుతున్నాను. ఆ దారి చాలా మేరకు తిన్నగానే ఉంటుంది. అయితే మన "లో", మన "తో" అక్కడికి వెళ్ళేసరికి రెండేసిగా చీలిపోతాయి, "వ" అనే జొషికి మన విభక్తుల్లో జోడీయే లేదు. శ్రమ పెట్టవలసింది ఈ మూడు చోట్లే కాబట్టి మిగతావాటిని త్వరగా దాటి వీటి దగ్గర ఎక్కువసేపు ఆగుతాను.

ముందుగా ఉచ్చారణ సంగతి. జపనీస్‌లో హ్రస్వ దీర్ఘాల తేడా అర్థాన్నే మార్చేస్తుంది. "ఒబసన్" అంటే పిన్నో అత్తో అవుతుంది, "ఒబాసన్" అంటే అమ్మమ్మో నాయనమ్మో అవుతుంది. ఎ, ఏలకూ ఒ, ఓలకూ వేర్వేరు అక్షరాలున్న తెలుగు లిపి ఈ తేడాను తేలికగా పట్టుకోగలదు కాబట్టి, హిరగాన అనే జపనీస్ లిపి చేతికి అలవాటయ్యే వరకు ఉచ్చారణను తెలుగులోనే రాసుకోవడం మంచిదని నా అభిప్రాయం. మనం టోక్యో, క్యోటో అని రాసే ఊళ్ళ పేర్లు ఉదాహరణల్లో తోక్యో, క్యోతొ అని కనిపిస్తాయి. క్రియల చివర వచ్చే "మసు"లోని ఉకారం దాదాపుగా వినిపించదు, "మస్" అన్నట్టే ఉంటుంది. మన ఊళ్ళ పేర్లను ఉదాహరణల్లో మార్చకుండా ఉంచాను. జపనీస్ మాట "మ్" అనే హల్లుతో ముగియదు కాబట్టి ఆ దేశస్థులు "షురీకాకురము" అంటారు. పాత దస్తావేజుల్లో "శ్రీకాకుళము" అని చదివినవారికి ఆ చివరి "ము" కొత్తగా అనిపించదు.

జొషుల రాతలో ఒక చిక్కు ఉంది. "వ" అని పలికే జొషిని "హ" అక్షరంతోనూ, "ఎ" అని పలికేదాన్ని "హె" అక్షరంతోనూ రాస్తారు. "ఒ" అని పలికే జొషికి మరెక్కడా దాదాపుగా వాడని ప్రత్యేకాక్షరం ఉంది. 1946లో జపాన్ ప్రభుత్వం అక్షరక్రమాన్ని ఉచ్చారణకు అనుగుణంగా సంస్కరించినప్పుడు కూడా ఈ మూడింటినీ పాత పద్ధతిలోనే ఉంచింది. అందువల్ల నామవాచకం వెనక ఒంటరిగా నిలిచిన "హ" కనిపిస్తే దాన్ని "వ" అనే చదవాలి.

"లో" ఎక్కడ "ని", ఎక్కడ "దె"

తెలుగులో ఉండటానికీ "లో" అంటాము, పని చేయడానికీ "లో" అంటాము, ఎక్కి వెళ్ళే బండికి కూడా "లో" అనే అంటాము. జపనీస్ ఈ అర్థాలను వేరు చేస్తుంది. ఒకచోట ఉండటం చెబితే "ని", ఒకచోట పని జరగడం చెబితే "దె" వస్తాయి.

"తమ్ముడు విజయనగరంలో ఉన్నాడు" అనడానికి "ఒతోతొ వ విజయనగరం ని ఇమసు" అనాలి.
"తమ్ముడు విజయనగరంలో చదువుతున్నాడు" అనడానికి "ఒతోతొ వ విజయనగరం దె బెన్‌క్యో షితె ఇమసు" అనాలి.

రెండో వాక్యం చివర కూడా "ఇమసు" ఉంది కదా, మరి "ని" ఎందుకు రాలేదని అడగవచ్చు. మన "చదువుతున్నాడు"లో "ఉన్నాడు" ఎలా కలిసి ఉందో, ఆ "ఇమసు" కూడా అలాగే సహాయక్రియగా నిలిచింది. చూడవలసింది అసలు క్రియను, ఇక్కడ అది చదవడం. మన ఊళ్ళల్లో "లో"కి బదులు తరచు వినిపించే "కాడ"కి కూడా ఇదే పరీక్ష వర్తిస్తుంది. "బస్టాండు కాడ ఉన్నాడు" అంటే "ని", "బస్టాండు కాడ టిఫిను తిన్నాడు" అంటే "దె".

అయితే పని చేస్తున్నట్టు కనిపించే కొన్ని క్రియలు "ని"నే కోరుకుంటాయి. నివసించడం, కూర్చోవడం, బస చేయడం, పెట్టడం, రాయడం అలాంటివి. "శ్రీకాకుళంలో నివసిస్తున్నాను" అంటే "శ్రీకాకుళం ని సున్దె ఇమసు". "హోటల్లో బస చేస్తాను" అంటే "హొతెరు ని తొమరిమసు". కౌంటరులో ఫారం చేతికిచ్చి "ఇక్కడ పేరు రాయండి" అనే ఉద్యోగి "కొకొ ని నమయె ఒ కైతె కుదసై" అంటాడు. వీటన్నిటికీ ఒకే గుర్తు పెట్టుకోవచ్చు. పని పూర్తయ్యాక మనిషో వస్తువో అక్షరమో ఆ చోటనే మిగిలితే "ని" వాడాలి. కుర్చీలో కూర్చున్నవాడు కుర్చీలోనే ఉంటాడు, కాగితం మీద రాసిన పేరు కాగితం మీదే ఉంటుంది. టిఫిను తిన్నవాడు తినడం అయ్యాక హోటల్లో ఉన్నాడో లేదో ఆ వాక్యం చెప్పదు, కాబట్టి అక్కడ "దె".

దీనికి ఎదురు దిశలో మరో సంగతి ఉంది. "విజయనగరంలో సిరిమానోత్సవం ఉంది" అన్నప్పుడు మన క్రియ "ఉంది" కాబట్టి "ని" పెట్టాలనిపిస్తుంది. కాని అక్కడ ఉత్సవం ఒక వస్తువులా ఉండటం లేదు, జరుగుతోంది. అందువల్ల "విజయనగరం దె ఒమత్సురి గ అరిమసు" అనాలి, "ఒమత్సురి" అంటే ఉత్సవం. "ఉంది"ని తీసి "జరుగుతుంది" పెట్టినా తెలుగు వాక్యం చెడకపోతే జపనీస్‌లో "దె" ఖాయం. పెళ్ళి ఉంది, పరీక్ష ఉంది, మీటింగు ఉంది అనేవన్నీ ఈ కోవలోకే వస్తాయి. కోట ఉంది, చెరువు ఉంది అనేవి మాత్రం రావు.

ఇక బండి విషయం. "బస్సులో వెళ్తాను" అంటే బస్సు సాధనం కాబట్టి "బసు దె ఇకిమసు". "బస్సులో నిద్రపోయాను" అంటే బస్సు పని జరిగిన చోటు, అప్పుడూ "బసు దె నెమషిత". "ఇప్పుడు బస్సులో ఉన్నాను" అంటే మాత్రం "బసు నొ నక ని ఇమసు", అంటే బస్సు లోపల ఉన్నాను అని. నడిచి వెళ్ళడానికి ఏ జొషీ అక్కరలేదు, "అరుయితె ఇకిమసు" చాలు.

నెల, ఏడాది వంటి కాలం దగ్గర "లో" వస్తే తేలిక, అది "ని"యే. "ఏప్రిల్‌లో" అంటే "షిగత్సు ని". గంటలకు మనం వాడే "కి" కూడా "ని"యే అవుతుంది. "ఆరింటికి" అంటే "రొకుజి ని". మనం ఏ ప్రత్యయమూ పెట్టని "ఆదివారం వస్తాను" వంటి వాక్యాల్లో మాత్రం "నిచియోబి ని కిమసు" అని "ని" చేర్చడం పద్ధతి. గడియారమో క్యాలెండరో చూసి చెప్పే కాలానికి "ని" ఉంటుంది. నేడు, రేపు, రోజూ అనే మాటలకు, అంటే "క్యో", "అషిత", "మైనిచి"లకు, మనకు లేనట్టే వారికీ ఏమీ ఉండదు. రెండు అనే అంకె కూడా "ని"యే కావడంతో "రెండింటికి" అన్న మాట "నిజి ని" అవుతుంది. మొదటి "ని" అంకె, చివరిది జొషి. "రెండు గంటల సేపు" అన్నప్పుడు "నిజికన్" అని ఊరుకోవాలి, వ్యవధికి జొషి అవసరం లేదు.

ఎక్కడం, దిగడం, దాటడం

"ఎక్కడికి" అనే ప్రశ్నకు జవాబు చెప్పేటప్పుడు "ని" వాడినా "ఎ" వాడినా తప్పు లేదు. "తోక్యో ని ఇకిమసు", "తోక్యో ఎ ఇకిమసు" రెండూ వాడుకలో ఉన్నవే. మొదటిది చేరే చోటును, రెండోది వెళ్ళే దిక్కును కాస్త ఎక్కువగా చూపుతాయి. మొదట్లో దీని గురించి తలపట్టుకోనవసరం లేదు.

శ్రద్ధ పెట్టవలసినవి ప్రయాణపు క్రియలు. తెలుగులో "రైలు ఎక్కాను", "రైలు దిగాను", "వంతెన దాటాను" అని మూడింటికీ నామవాచకాన్ని ఏ ప్రత్యయమూ లేకుండా వదిలేస్తాము. జపనీస్‌లో ఎక్కడానికి "ని", దిగడానికీ దాటడానికీ "ఒ" వస్తాయి.

"దెన్‌ష ని నొరిమసు" అంటే రైలు ఎక్కుతాను.
"దెన్‌ష ఒ ఒరిమసు" అంటే రైలు దిగుతాను.
"హషి ఒ వతరిమసు" అంటే వంతెన దాటుతాను.

ఎక్కినవాడు బండిలో మిగులుతాడు, దిగినవాడు బండిని వదిలేస్తాడు. మిగలడం, వదలడం అనే ఈ తేడా పైన "లో" దగ్గర చెప్పిన గుర్తు నుంచే వచ్చింది. ఇల్లు విడిచి బయలుదేరడం "ఇయె ఒ దెమసు" అవుతుంది. "ఇంటి నుంచి" అని మనసులో అనుకుంటే "కర" వచ్చి పడుతుంది, "ఇల్లు విడిచి" అనుకుంటే "ఒ" దానంతట అదే తడుతుంది. దారి వెంట నడవడం కూడా "మిచి ఒ అరుకిమసు", మనం "దారిలో" అన్నా సరే. దిగే ఊరు చెప్పవలసివస్తే ఆ ఊరికి "దె" పెట్టాలి. "విజయనగరం దె దెన్‌ష ఒ ఒరిమసు" అన్నప్పుడు దిగడమనే పని విజయనగరంలో జరిగింది, వదిలింది రైలును. బండి మారడానికి "నొరికయెమసు" అనే క్రియ ఉంది, దానికీ మారి ఎక్కే బండి వెనక "ని" రావాలి. నరిత విమానాశ్రయం నుంచి ఉయెనొ వరకు వచ్చి అక్కడ యమనొతె లైనుకు మారేవారు "ఉయెనొ దె యమనొతె సెన్ ని నొరికయెమసు" అనాలి. టోక్యో నడిబొడ్డు చుట్టూ తిరిగి వచ్చే ఈ వలయపు లైనులో 2020 మార్చి నుంచి 30 స్టేషన్లు ఉన్నాయి. ఆ నగరంలో కొన్నాళ్ళున్నవారు ఈ వాక్యాన్ని ఏదో ఒక రూపంలో పలకక తప్పదు.

ఇక మామూలు పనుల్లో "ఒ" గురించి. మనుషుల విషయంలో మనం "ని" అంటాము గాని వస్తువుల విషయంలో చాలాసార్లు వదిలేస్తాము. అన్నం తింటాను, టీ తాగుతాను, పుస్తకం చదువుతాను అంటాము. ఆ అలవాటుతో "గొహన్ తబెమసు" అనడం మనవాళ్ళకు సహజంగా వచ్చేస్తుంది. స్నేహితుల మధ్య మాటల్లో జపాన్‌వారు కూడా అలా వదిలేస్తారు కాబట్టి అర్థం కాకపోవడం ఉండదు. రాతలో, పరీక్షలో, ఇంటర్వ్యూలో మాత్రం "గొహన్ ఒ తబెమసు", "ఒచ ఒ నొమిమసు", "హొన్ ఒ యొమిమసు" అని నిండుగా చెప్పడమే మర్యాద. 2019 ఏప్రిల్‌లో జపాన్ మొదలుపెట్టిన "తొకుతే గినో" అనే నైపుణ్య వీసా కోసం రాయవలసివచ్చే ఎన్-4 అనే జపనీస్ భాషా పరీక్షలోనూ, దానికంటే తేలికైన ఎన్-5లోనూ ఖాళీలో సరైన జొషిని నింపమనే ప్రశ్నలు తప్పకుండా ఉంటాయి.

మన ద్వితీయా విభక్తి "ని", జపనీస్ "ని" ఒకేలా వినిపించడం కొన్నిచోట్ల కలిసివస్తుంది, కొన్నిచోట్ల మోసగిస్తుంది. కలిసివచ్చేవి ముఖ్యంగా రెండు క్రియలు, కలవడం, అడగడం. "స్నేహితుడిని కలుస్తాను" అంటే "తొమొదచి ని ఐమసు", "స్టేషను ఉద్యోగిని అడుగుతాను" అంటే "ఎకియిన్ ని కికిమసు". ఇంగ్లీషు మీదుగా వచ్చేవారు ఇక్కడ తడబడి "ఒ" పెడతారు, తెలుగులో ఆలోచించినవారికి సరైన జవాబు అయాచితంగా దొరుకుతుంది. కాని "సినిమాని చూస్తాను" అనేది "ఏగ ఒ మిమసు"యే, అక్కడ ఈ పోలిక పనికిరాదు.

"తో" ఒకటి కాదు

ధ్వనిలో మన "తో"కి జపనీస్ "తొ" దగ్గరి చుట్టంలా ఉంటుంది, అర్థంలో మాత్రం సగమే చుట్టం. మనిషి తోడుగా ఉంటే "తొ" సరిపోతుంది. "అమ్మతో బజారుకి వెళ్తాను" అంటే "హహ తొ ఇచిబ ఎ ఇకిమసు". సాధనం చెప్పేటప్పుడు మాత్రం "దె" రావాలి. "చేత్తో తింటాను" అంటే "తె దె తబెమసు", "చెంచాతో" అంటే "సుపూన్ దె". భాషను కూడా సాధనంగానే చూస్తారు కాబట్టి "జపనీస్‌లో మాట్లాడతాను" అనేది "నిహొన్గొ దె హనషిమసు" అవుతుంది. "తె తొ తబెమసు" అని ఎవరైనా అంటే, చేతిని పక్కన కూర్చోబెట్టుకొని దానితో కలిసి భోంచేస్తున్నట్టు వినిపిస్తుంది.

జపాన్‌లో తినడానికి వాడే పుల్లలనూ "హషి" అంటారు, వంతెననూ "హషి" అంటారు. టోక్యో ఉచ్చారణలో పుల్లలకు మొదటి అక్షరం మీద, వంతెనకు రెండో అక్షరం మీద స్వరం లేస్తుంది. "హషి దె తబెమసు" అంటే పుల్లలతో తింటాను అనే అర్థమే సాధారణంగా తీసుకుంటారు. స్వరం మారితే వంతెన మీద తింటాను అనే అర్థానికీ అదే వాక్యం సరిపోతుంది, ఎందుకంటే సాధనానికీ పని జరిగే చోటుకీ "దె" ఒక్కటే. "హషి ఒ వతరిమసు" అన్నప్పుడు మాత్రం ఏ స్వరంలో పలికినా వంతెనేనని తెలిసిపోతుంది.

రెండు వస్తువులను కలపడానికి కూడా "తొ"యే వాడతారు. "రొట్టే గుడ్డూ" అని మనం దీర్ఘం తీసేచోట "పన్ తొ తమగొ" అంటారు. "కూడా" అనడానికి "మొ" ఉంది, నేనూ అంటే "వతషి మొ". "వ", "గ", "ఒ"లను అది తొలగించి వాటి స్థానంలో కూర్చుంటుంది గాని "ని", "దె"ల వెనక నిలబడుతుంది. మనం "క్యోటోకి కూడా" అన్నట్టే "క్యోతొ ని మొ".

నుంచి, వరకు, కల్లా

"నుంచి"కి "కర", "వరకు", "దాకా"లకు "మదె" అచ్చంగా సరిపోతాయి, చోటుకైనా కాలానికైనా ఒకటే. "తోక్యో కర క్యోతొ మదె షిన్‌కన్‌సెన్ దె నిజికన్ జూగొఫున్ గురై కకరిమసు" అంటే టోక్యో నుంచి క్యోటో వరకు అతివేగపు రైలైన షిన్‌కన్‌సెన్‌లో సుమారు రెండుంపావు గంట పడుతుంది అని. 1964 అక్టోబరు 1న మొదలైన తొలి షిన్‌కన్‌సెన్ మార్గం మీదే క్యోటో ఉంది.

"మదె" వెనక "ని" చేరితే అర్థం మారుతుంది. "గొజి మదె మచిమసు" అంటే ఐదింటి దాకా ఎదురుచూస్తాను. "గొజి మదె ని కిమసు" అంటే ఐదింటికల్లా వస్తాను. మనకు "కల్లా" అనే చక్కని మాట ఉండగా దీన్ని వేరే వివరణలతో కష్టపడి నేర్చుకోవలసిన పని లేదు. డ్యూటీకి ఎన్నింటికల్లా రావాలో చెప్పే మేనేజరు మాటలో ఆ చిన్న "ని" వినిపించిందో లేదో మాత్రం జాగ్రత్తగా గమనించాలి.

"నొ" సంగతి మన ఔపవిభక్తికాలతో తేలికగా తెలుస్తుంది. ఇల్లు "ఇంటి"గా, ఊరు "ఊరి"గా మారే చోట జపనీస్‌లో మాట మారదు, వెనక "నొ" చేరుతుంది. "ఇంటి పక్కన" అంటే "ఇయె నొ తొనరి". అయితే "శ్రీకాకుళం బస్సు" అని మనం క్లుప్తంగా అనేదాన్ని "శ్రీకాకుళం నొ బసు" అంటే శ్రీకాకుళానికి చెందిన బస్సు అనే అర్థం వస్తుంది. అటు వెళ్ళే బస్సు అనడానికి "శ్రీకాకుళం యుకి నొ బసు" అనాలి.

"వ", "గ"ల తేడా

దీన్ని నేర్పేటప్పుడు చాలామంది బెదరగొడతారు. ప్రయాణానికీ రోజువారీ మాటలకూ కావలసినంత మేరకు తెలుగు పదక్రమమే దారి చూపగలదు. ఈ రెండు వాక్యాలను పక్కపక్కన పెట్టి చూడండి.

"ఊరి నడుమ కోట ఉంది" అంటే "మచి నొ మన్నక ని ఒషిరొ గ అరిమసు".
"కోట ఊరి నడుమ ఉంది" అంటే "ఒషిరొ వ మచి నొ మన్నక ని అరిమసు".

విజయనగరం ఎప్పుడూ చూడనివారికి ఆ ఊళ్ళో ఒక కోట ఉందని కొత్తగా చెప్పేటప్పుడు మొదటి వాక్యం వాడతాము. కోట ఎక్కడుందని అడిగినవారికి రెండోది చెబుతాము. తెలుగులో కొత్తగా తెలియజేసే సంగతి క్రియకు దగ్గరగా జరుగుతుంది, ఇద్దరికీ తెలిసిన సంగతి వాక్యం మొదటికి వస్తుంది. అలా క్రియను ఆనుకొని వచ్చిన కర్తకు "గ", మొదట నిలిచిన తెలిసిన సంగతికి "వ" అనుకుంటే చాలా వాక్యాలు సరిపోతాయి. "దగ్గరలో బ్యాంకు ఉందా" అని అడిగితే "చికకు ని గిన్‌కో గ అరిమసు క". "బ్యాంకు ఎక్కడుంది" అని అడిగితే "గిన్‌కో వ దొకొ ని అరిమసు క". చివరనున్న "క" మన ప్రశ్నార్థకమైన "ఆ"కు సమానం.

పోల్చి చెప్పేటప్పుడు కూడా "వ" వస్తుంది. "కాఫీ అయితే తాగుతాను గాని టీ మాత్రం తాగను" అన్నప్పుడు మనం "అయితే", "మాత్రం" అన్నచోట్ల "కోహీ వ నొమిమసు గ, ఒచ వ నొమిమసెన్" అంటారు. మధ్యలో ఉన్న "గ" జొషి వేరు, అది "గాని" అన్న అర్థంలో వచ్చింది. ఎవరు, ఏది అనే ప్రశ్నపదం కర్తగా ఉంటే "వ" ఎన్నటికీ రాదు. "ఎవరు వస్తారు" అంటే "దరె గ కిమసు క" అనే అనాలి.

మనవాళ్ళు ప్రత్యేకంగా జాగ్రత్తపడవలసినది "నాకు"తో మొదలయ్యే వాక్యాల దగ్గర. నాకు ఇష్టం, నాకు అర్థమవుతుంది, నాకు వచ్చు అనే వాక్యాల్లో "కి" వినిపించగానే "ని" పెట్టబుద్ధవుతుంది. అక్కడ మనిషికి "వ", ఇష్టమైనదానికో అర్థమైనదానికో "గ" వస్తాయి. "నాకు చేపలు ఇష్టం" అంటే "వతషి వ సకన గ సుకి దెసు". "నాకు జపనీస్ అర్థమవుతుంది" అంటే "వతషి వ నిహొన్గొ గ వకరిమసు". "వతషి వ"ను మనం "నేను"ను వదిలేసినట్టే వదిలేయవచ్చు. అయితే తెలుగులో "వెళ్తాను" అనగానే కర్త తెలిసిపోతుంది గాని "ఇకిమసు" నేనైనా నువ్వైనా వారైనా మారదు. కాబట్టి సందర్భంలో అనుమానానికి చోటుంటే కర్తను చెప్పడమే మంచిది.

స్టేషనులో వినిపించే మాటలు

జపాన్ స్టేషన్లలో రోజంతా వినిపించే ఒక ప్రకటనను విడదీసి చూస్తే పైన చెప్పినవి చాలావరకు ఒక్కచోటే కనిపిస్తాయి.

"మమొనకు, నిబన్‌సెన్ ని తోక్యో యుకి గ మైరిమసు. అబునై దెసు కర, కీరొయి సెన్ నొ ఉచిగవ మదె ఒసగరి కుదసై."

కొద్దిసేపట్లో రెండో నంబరు లైనుకు టోక్యో వెళ్ళే బండి వస్తుంది, ప్రమాదం కాబట్టి పసుపు గీత లోపలి వైపు వరకు వెనక్కి జరగండి అని దీని భావం. బండి చేరే చోటు కాబట్టి లైనుకు "ని" వచ్చింది. వస్తున్న బండి సంగతి కొత్తగా చెబుతున్నారు కాబట్టి "గ" వచ్చింది. "కర" ఇక్కడ నామవాచకం వెనక కాక పూర్తి వాక్యం వెనక నిలవడంతో "నుంచి" అనే అర్థం పోయి "కాబట్టి" అయింది. బండి లోపల మాత్రం "త్సుగి వ ఉయెనొ, ఉయెనొ దెసు" అని వినిపిస్తుంది. తర్వాతి స్టేషను ఒకటి ఉంటుందని ఎక్కినవారందరికీ తెలుసు, అది ఏదన్నదే చెప్పవలసిన సంగతి, అందుకే "గ" బదులు "వ" వచ్చింది.

టికెట్టు అడిగే వాక్యం మన నోటికి ఇట్టే పడుతుంది. "క్యోతొ మదె కిప్పు ఒ నిమై కుదసై". మన కౌంటర్ల దగ్గర "విశాఖకి టికెట్లు రెండివ్వండి" అంటాము కదా, లెక్క వస్తువు వెనక, క్రియకు ముందు రావడం అక్కడా అంతే. లెక్క వెనక జొషి ఉండదు. "మై" అనేది పలచని వస్తువులను లెక్కించే మాట.

సాధన

ఒక్కో జొషినీ విడిగా బట్టీ పట్టడం కంటే, రోజూ చేసే ఒక ప్రయాణాన్ని మొదటి నుంచి చివరి వరకు పలకడం ఎక్కువ ఫలితమిస్తుంది. శ్రీకాకుళం పట్టణంలో రైల్వే స్టేషను లేదు, ఆమదాలవలసలో ఉన్నదానికే శ్రీకాకుళం రోడ్ అని పేరు. కాబట్టి ఆ పట్టణవాసి విజయనగరం వెళ్ళి రావడంలో బస్సు, రైలు, ఎక్కడం, దిగడం అన్నీ కలిసివస్తాయి.

అస రొకుజి ని ఇయె ఒ దెమసు.
బసు దె ఆమదాలవలస నొ ఎకి ఎ ఇకిమసు.
ఎకి దె తొమొదచి ని ఐమసు.
తొమొదచి తొ దెన్‌ష ని నొరిమసు.
దెన్‌ష నొ నక దె హొన్ ఒ యొమిమసు.
విజయనగరం దె దెన్‌ష ఒ ఒరిమసు.
యొరు హచిజి మదె ని ఉచి ని కయెరిమసు.

పొద్దున ఆరింటికి ఇల్లు విడిచి, బస్సులో ఆమదాలవలస స్టేషనుకు వెళ్ళి, అక్కడ స్నేహితుణ్ణి కలిసి, అతనితో రైలెక్కి, రైల్లో పుస్తకం చదివి, విజయనగరంలో దిగి, రాత్రి ఎనిమిదింటికల్లా ఇంటికి తిరిగి రావడం ఇందులో ఉంది. ఐదో వాక్యంలో "నక" ఉన్నా "ని" రాకపోవడానికి కారణం చదవడం పని కావడమే. ఈ ఏడు వాక్యాలు తడబడకుండా వచ్చాక ఊళ్ళ పేర్లు, గంటలు, తోడు వచ్చే మనుషులు మార్చి మీ సొంత ప్రయాణం చెప్పాలి. ఆ తర్వాత అదే ప్రయాణాన్ని నిన్నటిదిగా చెప్పడానికి "మసు"ను "మషిత"గా, వెళ్ళలేదని చెప్పడానికి "మసెన్ దెషిత"గా మార్చుకోవాలి. ఆ మార్పుల వల్ల "ని", "దె", "ఒ", "తొ"లు కదలవు. "వెళ్ళలేదు", "తాగను" వంటి వ్యతిరేక వాక్యాల్లో మాత్రం "గ", "ఒ"ల స్థానంలోకి "వ" వచ్చి చేరడం తరచు వింటారు. "ఒచ ఒ నొమిమసెన్" కంటే "ఒచ వ నొమిమసెన్" సహజంగా వినిపించడానికి కారణం పైన చెప్పిన "మాత్రం" అర్థమే.

సందేహం వచ్చినప్పుడు తెలుగు ప్రత్యయాన్ని పట్టుకొని వేళ్ళాడకుండా తెలుగు ప్రశ్న వేసుకోవాలి. ఎక్కడికి, ఎక్కడ ఉంది, ఎక్కడ జరిగింది, దేంతో, ఎవరితో, దేన్ని వదిలి అని అడిగి చూస్తే జవాబుగా వచ్చే జొషి చాలాసార్లు ఒక్కటే మిగులుతుంది. "ఎక్కడ" అన్న ప్రశ్న దగ్గర మాత్రం వెంటనే జవాబు చెప్పకుండా, వాక్యం చివరి క్రియ దాకా వెళ్ళి చూసి వచ్చి "ని"యో "దె"యో తేల్చుకోవాలి.